క్రిస్మస్‌కి వింటేజ్ పోర్ట్ కొంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నవంబరు సగం గడిచిందంటే మా షాపులో ఫోన్ ఆగదు. లండన్ వైన్ షాపులో తెలుగావిడ ఉందని ఎవరు ఎవరికి చెప్పుకుంటారో గానీ రెడింగ్ నుంచి, స్లౌ నుంచి మనవాళ్లు వరసగా చేస్తుంటారు. "అక్కా, మా మేనేజర్ వాళ్లింటికి క్రిస్మస్ భోజనానికి పిలిచారు. వింటేజ్ పోర్ట్ పట్టుకెళ్తే బావుంటుందట. ఏ సంవత్సరం గొప్పది?" అని అడుగుతారు. పోర్ట్ అంటే పోర్చుగల్‌లో చేసే తియ్యటి, ఘాటైన వైన్. ఒకే మంచి ఏడాది పంటతో చేసి సీసాలో మాగబెట్టేది వింటేజ్ పోర్ట్. అడిగేవాళ్ల గొంతులో టెన్షన్ నాకు తెలుసు. పెద్ద మొత్తం పెట్టి తీసుకెళ్లింది నలుగురిలో తెల్లబోయేలా చేస్తే ఎలా అన్న భయం అది. అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: మంచి పేరున్న కంపెనీ, డిక్లేర్ చేసిన గొప్ప సంవత్సరం. ఈ రెండూ చూసి కొంటే ఈ క్రిస్మస్‌కి తిరుగుండదు.

మావాళ్ల జేబులు ఎక్కువగా ఖాళీ అయ్యేది దీనివల్లే. అందుకే దీని గురించి విసుగు లేకుండా ఎన్నిసార్లయినా చెప్తాను.

పోర్ట్ కంపెనీలు ప్రతి ఏడూ వింటేజ్ డిక్లేర్ చేయవు, అంటే ఈ ఏటి పంట వింటేజ్‌కు తగినదని ప్రకటించవు. పదేళ్లలో సుమారుగా మూడుసార్లు, పంట నిజంగా బాగా వచ్చిందనుకున్నప్పుడే చేస్తాయి. 2016, 2017 వరసగా రెండేళ్లూ దాదాపు అన్ని పెద్ద కంపెనీలూ డిక్లేర్ చేశాయి. అలా జరగడం చాలా అరుదు కాబట్టి ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఆ రెండు సంవత్సరాల పొగడ్తలే. 2011 గురించి చెప్పక్కర్లేదు, డౌ కంపెనీ 2011 పోర్ట్‌ను వైన్ స్పెక్టేటర్ పత్రిక 2014లో ఆ ఏటి మేటి వైన్‌గా ఎంపిక చేసింది. ఆ పొగడ్తలన్నీ నిజమే. కానీ అవి ఎప్పుడో తాగబోయే వైన్ గురించి రాసినవి.

వింటేజ్ పోర్ట్ సీసాలోకి ఎక్కిన మొదటి నాలుగైదేళ్లు పండు రుచితో పొంగిపోతూ ఉంటుంది. కొందరికి అదే ఇష్టం, వాళ్లతో నాకు పేచీ లేదు. ఆ తర్వాత ముడుచుకుపోతుంది. వాసన రాదు, వగరు నాలుకకు పట్టేస్తుంది, ఆల్కహాల్ విడిగా తెలుస్తుంది. మళ్లీ విచ్చుకోవడానికి పంట ఏడాది నుంచి లెక్కేస్తే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. గొప్ప సంవత్సరాలకు ఇంకా ఎక్కువే. బంగినపల్లి అయినా సరే, మాగని కాయ కోస్తే పులుపే.

ఒక క్రిస్మస్ రాత్రి ఇంట్లో ఉండగా ఓ కస్టమర్ ఫోన్ చేశాడు. సూపర్‌మార్కెట్‌లో పెద్ద పేరు చూసి 2017 కొన్నాడట. నా దగ్గర కొన్నది కాదు కాబట్టి ముందే సారీ చెప్పి మొదలుపెట్టాడు. "నల్లగా ఉందక్కా. నోరు పట్టేస్తోంది, గొంతులో మండుతోంది. పాడైపోయిందా? వెనక్కి తీసుకుంటారా?" అన్నాడు. వెనకాల పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి, మామగారు ఏదో అడుగుతున్నారు. పాడైపోలేదు, ఇంకో పదేళ్లు ఆగాల్సింది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జగ్గులోకి వంపేసి, బాక్సింగ్ డే, అంటే రేపు సాయంత్రం దాకా ముట్టుకోకండి అన్నాను. మర్నాడు కాస్త నయమనిపించిందట. కానీ ఆ డబ్బులో సగానికే మెత్తగా, కమ్మగా మాగిన సీసా వచ్చుండేది.

ఇంత వగరు ఎందుకు ఉంటుందో పోర్చుగల్‌లో పోర్ట్ ద్రాక్ష పండే డోరో లోయకు వెళ్లినప్పుడు నాకు ఒంటితో అర్థమైంది. పిన్యావ్ ఊరి చుట్టూ కొండలన్నీ పలకరాయి, మెట్లు మెట్లుగా తోటలు. కోతల సమయం సెప్టెంబరు. ఆ సాయంత్రం మమ్మల్ని కూడా లగార్‌లోకి దింపారు. అది మోకాళ్లు మునిగేంత లోతున్న రాతి తొట్టి. నడుముల మీద చేతులేసుకుని వరసగా నిలబడి, ఒకడు లెక్క చెప్తుంటే అడుగు తర్వాత అడుగు ద్రాక్షలు తొక్కడమే పని. కాళ్ల కింద ముందు చల్లగా, గట్టిగా ఉన్నది మెల్లగా జారిపోతుంటుంది. ఇంత కష్టం ఎందుకంటే పోర్ట్ పులిసేది రెండు మూడు రోజులే. ద్రాక్షలోని తీపి సగం మిగిలి ఉండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోసి పులియడం ఆపేస్తారు. ఆ కాస్త వ్యవధిలోనే తొక్కలోని రంగు, వగరు అంతా లాగేయాలి. వింటేజ్ పోర్ట్ పీపాలో ఉండేది రెండేళ్ల పైచిలుకు మాత్రమే, వడకట్టకుండానే సీసాలోకి ఎక్కుతుంది. కాబట్టి మెత్తబడే పనంతా సీసాలోనే, మీ ఇంట్లోనో మా గోడౌన్‌లోనో జరగాలి.

మరి ఈ క్రిస్మస్‌కి ఏం కొనాలి? నా సమాధానం ఎప్పుడూ ఒకటే: సింగిల్ క్వింటా వింటేజ్. క్వింటా అంటే తోట, ఎస్టేట్. కంపెనీ జనరల్ డిక్లరేషన్ ఇవ్వని సంవత్సరాల్లో తమ అసలైన తోట పంటను ఆ తోట పేరుతోనే సీసాల్లో పోస్తుంది. గ్రాహమ్స్ వాళ్లది మాల్వెడోస్, టేలర్స్ వాళ్లది వర్జెల్లస్, డౌ వాళ్లది బొంఫిం. అవే తోటలు, అవే చేతులు. ఆ సంవత్సరాల వైన్‌లో బిగువు కాస్త తక్కువ కాబట్టి త్వరగా మాగుతుంది. పైగా వీటిలో చాలావాటిని కంపెనీలే పోర్చుగల్ ఊరు విలా నోవా ద గయాలోని తమ సెల్లార్లలో ఏళ్ల తరబడి ఉంచి, తాగడానికి సిద్ధమయ్యాక అమ్ముతాయి. అంటే ఎదురుచూసే పని వాళ్లే చేసిపెట్టారు. 1995 నుంచి 2005 మధ్యవి దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. అదే వయసున్న డిక్లేర్డ్ సీసా ధరతో పోల్చి చూస్తే నేనెందుకు ఇంతలా చెప్తున్నానో తెలుస్తుంది.

లేదు, డిక్లేర్డ్ వింటేజే కావాలంటే 1994, 1997, 2000 ఇప్పుడు బావుంటాయి. ఎండ మండిపోయిన 2003 కూడా త్వరగానే దారికొచ్చింది. బడ్జెట్ ఉంటే 1980 అడగండి. 1977 పేరు పక్కన అది ఎప్పుడూ మరుగున పడిపోయింది కాబట్టి ధర అంత పెరగలేదు. 1985 మాత్రం కంపెనీని బట్టి తేడా చాలా ఉంది, తెలిసినవాళ్లను అడక్కుండా కొనకండి. 1991, 1992 చూసి కంగారు పడకండి, కొన్ని కంపెనీలు మొదటిది ఎంచుకుంటే టేలర్స్, ఫోన్సెకా రెండోది ఎంచుకున్నాయి. రెండూ నిఖార్సైనవే.

2011, 2016, 2017 వద్దని కాదు. ఆ ఏడాది మీ ఇంట్లో బాబో పాపో పుట్టి ఉంటే తప్పకుండా కొని, సీసాను పడుకోబెట్టి దాచండి. ఇంగ్లీషువాళ్లలో స్థోమత ఉన్నవాళ్లు వెనకటికి బిడ్డ పుట్టగానే ఏకంగా పీపా పోర్ట్ కొని దాచేవారు, అంటే సుమారు 550 లీటర్లు. మనకు రెండు సీసాలు చాలు.

అపోహ: లేబుల్ మీద సంవత్సరం ఉంటే అది వింటేజే.

కాదు. లేట్ బాటిల్డ్ వింటేజ్, అంటే ఎల్‌బీవీ మీదా సంవత్సరం ఉంటుంది. అది నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలో ఉండి సీసాలోకి వచ్చినది. చాలావరకు వడకట్టి ఉంటుంది, కొన్న రోజే తాగొచ్చు, దాచినంత మాత్రాన గొప్పదైపోదు. పదేళ్లుగా అటకమీద దాచిన ఎల్‌బీవీని "దీని విలువ ఎంతుంటుంది?" అని ఫొటో తీసి పంపేవాళ్లకు జవాబివ్వడమే నాకు అన్నిటికన్నా కష్టం. ఇక కొలేట మీదా సంవత్సరం ఉంటుంది. అది ఒకే ఏడాది పంటతో చేసిన టానీ, అంటే సీసాలో కాకుండా పీపాలోనే మాగిన పోర్ట్. కనీసం ఏడేళ్లు, చాలాసార్లు దశాబ్దాల పాటు పీపాలోనే ఉంటుంది. రంగు ఇటుక ఎరుపు, రుచి వాల్‌నట్, ఎండు అంజీర్. దాని లేబుల్ మీద సీసాలో పోసిన సంవత్సరం కూడా వేస్తారు, అది చూసి ఈమధ్య సీసాలో పోసినది తీసుకోండి. దీనికి మడ్డి తేరడం లాంటి తంటా ఏమీ లేదు. వింటేజ్ గురించి మరీ భయపడిపోయే వాళ్లకు నేను నిశ్చింతగా కొలేటనో ఇరవై ఏళ్ల టానీనో చేతిలో పెడతాను. పేరు చిన్నదేమో గానీ ఆనందానికి లోటుండదు.

అపోహ: తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టి మూత తీస్తే సరిపోతుంది.

సరిగ్గా ఎంచుకున్న సీసా కూడా ఇక్కడే పాడవుతుంది. వింటేజ్ పోర్ట్‌ను వడకట్టరు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ పక్కకు దిగిన మడ్డి పొరలా పేరుకుంటుంది. కారు డిక్కీలో దొర్లించుకుంటూ తెచ్చి వెంటనే వంపితే గ్లాసులో బురదే వస్తుంది. కనీసం ఒక రోజు ముందు, కుదిరితే రెండు రోజుల ముందు నిలువుగా నిలబెట్టండి. కొన్ని పాత సీసాల మీద సున్నం పూసినట్టు తెల్ల పెయింట్ మచ్చ ఉంటుంది. పడుకోబెట్టినప్పుడు పైకి ఉండాల్సిన వైపు అది, మడ్డి దానికి ఎదురు వైపున ఉంటుంది.

పాత కార్క్ తడిసిన బిస్కెట్‌లా విరిగిపోవచ్చు, గాభరా పడకండి. మామూలు స్క్రూ ఓపెనర్ కన్నా రెండు రేకులుండే ఓపెనర్ మంచిది. రేకుల్ని కార్క్‌కీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, తిప్పుతూ పైకి లాగాలి. విరిగి లోపల పడినా నష్టం లేదు, గుడ్డలో వడకట్టుకోవచ్చు. పలచటి మల్లు గుడ్డ చాలు, కానీ దాన్ని వేడినీళ్లలో మాత్రమే జాడించి ఆరేయండి. కంఫర్ట్ వాసన ఉన్న గుడ్డలోంచి 1985 పోర్ట్ వడకట్టిన ఇంటికి వెళ్లాను నేను, ఆ రాత్రి గ్లాసులో లావెండర్ తప్ప ఇంకేమీ లేదు.

జగ్గులోకి వంపేటప్పుడు సీసా మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టండి. ఆపకుండా, ఒకే వాలులో, సన్నటి ధారగా వంపాలి. మధ్యలో ఆపి నిలబెడితే మడ్డి లేస్తుంది. ముప్పాతిక దాటాక సీసా భుజం దగ్గర పొగలాంటిది కదులుతుంది, దాని వెనకే నల్లటి దారం మెడలోకి పాకుతూ వస్తుంది. అది కనిపించగానే ఆపేయండి. అడుగున మిగిలిన నాలుగు చెంచాలు గ్రేవీలో పోసుకోవచ్చు. ఇరవై, ముప్పై ఏళ్ల సీసా అయితే భోజనానికి రెండు మూడు గంటల ముందు వంపి పెట్టండి. నలభై దాటినదైతే గంట ముందు చాలు.

వేరేవాళ్లింటికి తీసుకెళ్తుంటే ముందే ఇంట్లో డికాంట్ చేసి (ఇలా మడ్డి లేకుండా జగ్గులోకి వంపి), సీసాను కడిగి ఆరబెట్టి, తిరిగి అందులోనే పోసి కార్క్ పెట్టి తీసుకెళ్లండి. అది పద్ధతే, ఎవరూ తప్పుపట్టరు. లేబుల్ అలాగే ఉంటుంది కదా.

మిగతావి

మూత తీసిన పోర్ట్ నెలల తరబడి నిలవ ఉంటుందనేది టానీ విషయంలో కాస్త నిజం. వింటేజ్‌కు రెండు మూడు రోజులే, బాగా పాతదైతే ఆ రాత్రే.

చిన్న లిక్కర్ గ్లాసుల్లో ఇవ్వాలన్నది పాత అలవాటు. మామూలు వైట్ వైన్ గ్లాసులో మూడో వంతు పోయండి, వాసన అందుతుంది. హీటింగ్ వేసిన గదిలో పెడితే స్పిరిట్ ముక్కుకు కొడుతుంది. 16 - 18 డిగ్రీలు ఉండేలా ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

బిర్యానీతో బావుంటుందా అని అడుగుతారు. బావుండదు. 20 శాతం ఆల్కహాల్, మన కారం కలిస్తే నోరు భగ్గుమంటుంది. భోజనం అయ్యాక, కాస్త గ్యాప్ ఇచ్చి, స్టిల్టన్ అనే బ్లూ చీజ్‌తోనో వాల్‌నట్లతోనో ఇవ్వండి. బ్లూ చీజ్ వాసన పడనివాళ్లకు బాగా పాతబడిన చెడ్డార్ చాలు. బొబ్బట్లకు, ప్లమ్ కేకుకు మాత్రం టానీయే సరైన జోడీ.

వాట్సాప్‌లో ఏటా తిరిగే ఇంకో మాట ఉంది, పోర్ట్ తాగితే రక్తం పడుతుందని, ఒళ్లు రంగొస్తుందని. దయచేసి ఆపండి. లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉన్న ఘాటైన మద్యం ఇది. గర్భిణులకు, బాలింతలకు మందులా పోసే వస్తువు కాదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు బలవంతంగా గ్లాసు అందించకండి.

ఇద్దరే ఉండే ఇల్లైతే హాఫ్ బాటిల్ అడగండి. వింటేజ్‌లోనూ దొరుకుతాయి, కొంచెం త్వరగా మాగుతాయి కూడా. కానీ తక్కువే వస్తాయి, డిసెంబరు రెండో వారానికల్లా అయిపోతాయి. ఏది కొన్నా నెల మొదట్లోనే తెచ్చుకుని, రేడియేటర్‌కు దూరంగా మెట్ల కింద అల్మరాలో పడుకోబెట్టి, 23వ తేదీ పొద్దున నిలబెట్టండి.