కప్పు అంటే ఎన్ని గ్రాములు?

ప్రియమైన పిల్లలకు,

కప్పు అంటే ఎన్ని గ్రాములని మీరు నన్ను చాలాసార్లు అడిగారు. నేనేమో ప్రతిసారీ "ఏం కప్పు?" అని ఎదురు అడుగుతాను. తప్పించుకోవడానికి కాదు, అది తెలియకుండా జవాబు చెప్పలేను. కప్పు కొలిచేది చోటుని. ఆ చోటులో పట్టిన వస్తువు ఎంత తూగుతుందనేది ఆ వస్తువుని బట్టి ఉంటుంది. మీరు సైన్సులో చదివే సాంద్రత ఇదే.

మిల్లీలీటరు నీళ్లు దాదాపు ఒక గ్రాము తూగుతాయి. కాబట్టి 250 మిల్లీలీటర్ల కప్పు నీళ్లు 250 గ్రాములు. అదే కప్పులో నూనె పోస్తే 230 దగ్గర ఆగుతుంది. తేనె 350 దాటుతుంది. పంచదార సుమారు 210, మైదా 125 నుంచి 130, కోకో పొడి ఇంకా తేలిక, 90 దాకా.

మైదా సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. నేను కొత్తగా కేకులు చేసే రోజుల్లో కప్పుని డబ్బాలో ముంచి, గోడకి అదిమి తీసేదాన్ని. కేకు పైన పగిలి, లోపల పొడిపొడిగా వచ్చేది. ఓవెన్ పాడైందనుకున్నాను. చాలా రోజుల తర్వాత తూచి చూస్తే, నేను కప్పు అనుకున్నది 150 గ్రాములు దాటింది! అదే పిండిని చెంచాతో గుల్లగా వేసి, పైన చాకు వీపుతో సమంగా గీస్తే 127 వచ్చింది. మూడు కప్పుల మైదా పడే కేకులో ఆ తేడా 70 గ్రాముల పైమాటే. అందుకే పిండి జల్లించి కొలవాలా, కొలిచి జల్లించాలా అన్నది కూడా చూసుకోండి. జల్లిస్తే గాలి చేరి పిండి గుల్లబారుతుంది, కప్పులో తక్కువ పడుతుంది. తూకానికి ఆ టెన్షన్ లేదు, 200 గ్రాములు ఎలా ఉన్నా 200 గ్రాములే.

ఇంకో చిక్కు, కప్పులన్నీ ఒకటి కావు. అమెరికా వంటల్లో కప్పు అంటే దాదాపు 237 మిల్లీలీటర్లు. మెట్రిక్ కప్పు 250. మీ లెక్కలు 250 కప్పువైతే, అమెరికా వంటకానికి వాటిని 0.95తో గుణించండి. టేబుల్ స్పూన్ మామూలుగా 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో మాత్రం 20.

నా పట్టికని నమ్ముకునే కంటే మీరే ఒకటి తయారు చేసుకుంటే మంచిది. ఖాళీ కప్పుని వేయింగ్ మెషిన్ మీద పెట్టి సున్నా చేయండి. మీరు రోజూ ఎలా నింపుతారో అలాగే నింపి, తల గీసి, తూచండి. ఖాళీ చేసి మళ్లీ నింపండి. మూడుసార్లు తూచి సగటు రాసుకోండి. మూడు అంకెలూ దూరదూరంగా వస్తే, మీరు నింపే పద్ధతి ప్రతిసారీ మారుతోందన్నమాట.

ఉప్పు, ఈస్ట్ లాంటివి ఒక్క చెంచా తూస్తే ఇంటి మెషిన్ సరిగ్గా చూపించలేదు. పది చెంచాలు తూచి పదితో భాగించండి. సన్న ఉప్పు టీస్పూన్‌కి సుమారు 6 గ్రాములు వస్తుంది. పెద్ద పలుకుల ఉప్పు మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి తక్కువ తూగుతుంది. ఈ తేడా తెలియక వంటలో ఉప్పు ఎక్కువైపోతుంది.

ఆ కాగితం అలమారా తలుపు లోపల అంటించండి. పైన కప్పు సైజు రాయడం మరచిపోకండి. కొత్త రకం పిండి తెచ్చినప్పుడు పాత అంకె మీద గీత కొట్టి, మళ్లీ తూచి, పక్కన కొత్తది రాయండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ