పూర్వ విద్యార్థినితో ప్రేమ: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ, పీజీ తరగతులకు 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీలోనూ పనిచేశాను. అధ్యాపకుడు తన పూర్వ విద్యార్థినిని ప్రేమించడం గురించి స్టాఫ్ రూములో తరచూ వినబడే మాటలకు నా జవాబులివి.

అపోహ: 18 నిండాయి, ఇద్దరికీ ఇష్టమే. ఇక చట్టానికేం పని?

వాస్తవం: పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 18 నిండనివారి విషయంలోనే వర్తిస్తుంది, నిజమే. కానీ అధికార స్థానంలో ఉన్నవాడు దాన్ని అడ్డం పెట్టుకొని, తన బాధ్యతలో ఉన్న స్త్రీని లైంగిక సంబంధానికి ఒప్పిస్తే భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ కింద 5 నుంచి 10 ఏళ్ల కఠిన కారాగార శిక్ష పడుతుంది.

అపోహ: మెమో చేతికొచ్చింది, ఆమె ఇక విద్యార్థిని కాదు.

వాస్తవం: కాగితం మీద కాకపోవచ్చు, ఆయన అధికారం మాత్రం అంతటితో పోదు. ములుగు వైపు పల్లె నుంచి వచ్చి, ఇంటిల్లిపాదిలో మొదటిసారి పీజీ పూర్తి చేసిన అమ్మాయిని తలచుకోండి. పీహెచ్‌డీలో చేరితే గైడ్ ఆ అధ్యాపకుడే కావచ్చు. ఉద్యోగానికి సిఫారసు లేఖ ఆయనే రాయాలి. వైవాకు (మౌఖిక పరీక్షకు) వచ్చేవారు ఆయనకు తెలిసినవారే. ఏళ్ల తరబడి ‘సార్’ అని పిలిచిన గొంతు ‘వద్దు’ అనడానికి ఎంత పెనుగులాడుతుందో కమిటీ గదిలో చూశాను. వివరాలు చెప్పకూడదు, చెప్పను. ఆ గొంతు మాత్రం మరచిపోలేదు.

అపోహ: చదువు అయ్యాకే మొదలైంది.

వాస్తవం: తరగతి రోజుల్లోనే రాత్రిపూట సందేశాలు పంపి, ఫలితాలు వచ్చాక ప్రేమ బయటపెడితే, అది ఫలితాల తర్వాతే మొదలైందని నేను ఒప్పుకోను.

అపోహ: ఇష్టం లేకపోతే వెంటనే ఫిర్యాదు చేసేది కదా!

వాస్తవం: యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనల ప్రకారం లైంగిక వేధింపులపై ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. భయం తీరడానికి చాలామందికి ఆ ఆరు నెలలూ చాలవు.

అపోహ: ఇలాంటి పెళ్లిళ్లన్నీ తప్పే.

వాస్తవం: కాదు. నాకు తెలిసిన ఒక జంట, ఆమె చదువు ముగిసిన ఏడేళ్లకు ఒక శుభకార్యంలో మళ్లీ కలిశారు. అప్పటికి ఆమెకు సొంత ఉద్యోగం ఉంది, ఆయన సంతకంతో పనిలేదు. వారిని వేలెత్తి చూపేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: అమ్మాయే ముందు అడిగింది, సార్‌దేం తప్పు?

వాస్తవం: అడగడం ఆమె తప్పూ కాదు. అయితే హద్దు చూసుకోవలసినది ఆయనే. గైడ్‌గా ఉంటే, ఆ బాధ్యతను మరొకరికి అప్పగించమని ముందుగా విభాగాధిపతికి రాసివ్వాలి. ఆ మార్పు పూర్తయ్యాకే ఆమెకు జవాబు చెప్పాలి.