2038 సమస్య వెనుక ఉన్న సంఖ్య: 2,14,74,83,647

2038 జనవరి 19, యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. సమయాన్ని పాత పద్ధతిలో లెక్కపెట్టే కంప్యూటర్లకు అదే ఆఖరి సెకను. అవి 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల్లో, దాచుకుంటాయి. ప్లస్, మైనస్ గుర్తుకి ఒక బిట్ పోగా మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. అది దాటిన మరుక్షణం లెక్క మైనస్‌లోకి దొర్లి, తేదీ 1901 డిసెంబరు 13కి వెళ్లిపోతుంది.

ఈ సంఖ్య కంప్యూటర్ల కంటే ఎంతో ముందే పేరు తెచ్చుకుంది. 2 యొక్క 31వ ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. 23, 29, 31, 37 ఘాతాలకు ఇలా వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఇటలీ గణితజ్ఞుడు కటాల్ది 1603లో ప్రకటించారు. 31 విషయంలో తప్ప ఆయన మాట నిలవలేదు. 23, 37 లెక్కలు తప్పని ఫ్రాన్స్ గణితజ్ఞుడు ఫెర్మా 1640లోనే చూపించారు.

మరి 31వది నిజంగా ప్రధాన సంఖ్యేనా? మామూలుగా తేల్చాలంటే దాని వర్గమూలం, అంటే 46,340 వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి సుమారు 4,800. ఇక్కడే స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు ఆయిలర్ తెలివి కనిపిస్తుంది. దీనికి కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ఆయన గమనించారు. ఆ వడపోతలో మిగిలేవి వందలోపే. వాటిలో ఏదీ భాగించలేదని 1772లో వెల్లడించారు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది!

ఇలాంటి ప్రధాన సంఖ్యల నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యలు (తమ కంటే చిన్న భాజకాలన్నీ కూడితే తామే వచ్చే సంఖ్యలు) వింతే తప్ప ఉపయోగం లేనివి, అప్పటికి తెలిసినదానికంటే పెద్దదాని కోసం ఎవరూ ప్రయత్నించకపోవచ్చని 1811లో ఇంగ్లండ్ గణితజ్ఞుడు పీటర్ బార్లో రాశారు. ఆ అంచనా తప్పింది. 1876లో ఫ్రాన్స్ గణితజ్ఞుడు లూకాస్ ఏకంగా 39 అంకెల ప్రధాన సంఖ్యను రుజువు చేశారు. ఉపయోగం సంగతికొస్తే, 1988లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు పార్క్, మిల్లర్ సిఫార్సు చేసిన, యాదృచ్ఛిక (ర్యాండమ్) సంఖ్యలను పుట్టించే పద్ధతికి ఆధారం ఈ సంఖ్యే. ప్రతిసారీ 16,807తో గుణించి, దీనితో భాగించి, శేషం తీసుకోవడమే ఆ పద్ధతి. ఇది ప్రధాన సంఖ్య కాబట్టే, గుణకాన్ని సరిగ్గా ఎంచుకుంటే, 214 కోట్లకు పైగా శేషాలు అన్నీ వచ్చాకే వరుస మళ్లీ మొదలవుతుంది.

2038 సమస్యకు మాత్రం ఈ ప్రధానత్వంతో సంబంధమే లేదు. 32 బిట్ల హద్దు ప్రధాన సంఖ్య కావడం కేవలం కాకతాళీయం. 16 బిట్ల హద్దు 32,767 చూడండి, అది 7, 31, 151ల లబ్ధం. 64 బిట్ల హద్దునూ 7 భాగిస్తుంది.

పరిష్కారం కూడా ఆ 64 బిట్లే. అలా మారిన యంత్రాలకు మరో 29,000 కోట్ల ఏళ్ల వరకూ టెన్షన్ లేదు. చిక్కంతా ఒకసారి బిగించాక ఎవరూ సాఫ్ట్‌వేర్ మార్చని పాత పరికరాలతోనే.