పాస్‌బుక్కులో ఏసీహెచ్, జర్మన్ నోట ‘ఆఖ్’: అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక పెద్దాయన మా బ్యాంకు కౌంటర్ మీద పాస్‌బుక్కు పరిచి, "ఎవడమ్మా ఈ ‘అచ్’? నెలనెలా నా డబ్బు లాగేస్తున్నాడు!" అన్నారు. నాకు నవ్వాగలేదు. ముందు రోజు రాత్రే జర్మనీలో చదువుతున్న మా మేనల్లుడు ఫోన్లో మాటకు ముందోసారి, వెనకోసారి ‘ఆఖ్ సో’ అన్నాడు. రెండుచోట్లా ఇంగ్లిష్ అక్షరాలు అవే మూడు: ACH.

అపోహ: ఏసీహెచ్ అంటే ఏదో కంపెనీ, లేకపోతే బ్యాంకు వేసే చార్జీ.
వాస్తవం: రెండూ కాదు. ఆటోమేటెడ్ క్లియరింగ్ హౌస్, అంటే బ్యాంకుల మధ్య వాయిదాల్లాంటి డబ్బు దానంతటదే మారే ఏర్పాటు. మన దేశంలో దీన్ని ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్) నడుపుతుంది, ముందు ‘నేషనల్’ చేర్చి నాచ్ అంటాం. పాత ఈసీఎస్ (ఎలక్ట్రానిక్ క్లియరింగ్ సర్వీస్) స్థానంలో వచ్చింది. పక్కన డి ఉంటే మీ ఖాతాలోంచి పోయింది: ఈఎంఐ, సిప్ (మ్యూచువల్ ఫండ్ వాయిదా), బీమా ప్రీమియం. సి ఉంటే వచ్చింది: డివిడెండ్ లాంటివి. డి పడిందంటే ఎప్పుడో మీరు ఒప్పుకున్న మాండేట్, అంటే ఖాతాలోంచి కట్ చేసుకోమని ఇచ్చిన అనుమతి, ఉండాలి. లేదనిపిస్తే వెంటనే బ్రాంచిలో రాసివ్వండి.

అపోహ: ఆదివారం వాయిదా సోమవారం కట్ అవుతుంది.
వాస్తవం: 2021 ఆగస్టు 1 నుంచి నాచ్‌కు సెలవుల్లేవు. శనివారమే డబ్బు ఉంచుకోండి.

అపోహ: చెక్కు బౌన్స్ అయితేనే కేసు.
వాస్తవం: ఈ మాట వారానికోసారైనా వింటాను. చెల్లింపుల వ్యవస్థలపై 2007లో వచ్చిన చట్టంలో 25వ సెక్షన్ ఉంది. ఖాతాలో డబ్బు లేక ఏసీహెచ్ తిరిగొచ్చి, నోటీసు అందిన 15 రోజుల్లో కూడా కట్టకపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అందరి మీదా కేసులు వేస్తారని కాదు. కానీ చార్జీ మాత్రం మా వైపు ఒకటి, అప్పిచ్చినవాళ్ల వైపు ఒకటి పడొచ్చు. తిట్లు మాత్రం మాకొక్కళ్లకే!

అపోహ: మాండేట్ రద్దు చేస్తే అప్పు గోల వదిలినట్టే.
వాస్తవం: కట్ అవడం ఆగుతుంది, బాకీ అలాగే ఉంటుంది. అప్పు తీరిపోయాక మాత్రం మాండేట్ రద్దయిందో లేదో తప్పకుండా చూసుకోండి.

అపోహ: జర్మన్ ‘ఆఖ్’ అంటే మన ‘అయ్యో’.
వాస్తవం: ఒక్కోసారి అంతే. ‘ఆఖ్ సో’ అంటే మాత్రం ‘ఓహో, అదా సంగతి’. ‘ఆఖ్ యా’ అంటే ‘అన్నట్టు, గుర్తొచ్చింది’ అని కూడా. చివరి ధ్వని గొంతులో ఒరుసుకుంటూ రావాలి, ‘చ్’ కాదు. ‘మిట్ ఆఖ్ ఉంట్ క్రాఖ్’ అని ఇంకోటుంది, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కడం. నెలాఖర్లో ఈఎంఐ కట్టేవాళ్లందరికీ తెలిసిన అనుభవమే.

ఇంతకీ పెద్దాయన ‘అచ్’ ఎవరంటే, కొడుకు బైక్ లోను. మాండేట్ మీద సంతకం ఈయనదే. "ఓహో, వాడి బండిదా!" అని ఫోన్ తీసి, కౌంటర్ దగ్గరే కొడుకుని అందుకున్నారు.