క్రిమినల్ జస్టిస్ పాఠాలపై ప్రభుత్వ ముద్ర 1968 నాటిది

నేర న్యాయవ్యవస్థ గురించి, దాని సంస్కరణ గురించి విద్యార్థులకు ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్న వివాదం అమెరికా విశ్వవిద్యాలయాల్లో మళ్లీ రాజుకుంది. ఈ పాఠాల్లోకి రాజకీయాలను చొప్పించింది అధ్యాపకులేనని ఫ్లోరిడా వంటి రాష్ట్రాల పాలకులు అంటున్నారు. 1968లో ఏం జరిగిందో చూస్తే ఆ వాదన నిలవదు.

ఆ ఏడాది జూన్‌లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన నేర నియంత్రణ చట్టం పోలీసుల కాలేజీ చదువుకు ఫెడరల్ నిధులు సమకూర్చింది. ఈ నిధుల నుంచి అప్పు తీసుకుని చదివిన విద్యార్థి ఆ తర్వాత పోలీసు శాఖలోనో, జైళ్ల శాఖలోనో చేరితే ఏడాదికి నాలుగో వంతు చొప్పున అప్పు మాఫీ అయ్యేది; నాలుగేళ్లు పనిచేస్తే ఇక కట్టాల్సింది ఏమీ ఉండేది కాదు. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి ఫీజులకు గ్రాంటు వచ్చేది. ఈ డబ్బు కోసం కాలేజీలు పోటీపడి క్రిమినల్ జస్టిస్ విభాగాలు తెరిచాయి. చాలాచోట్ల మాజీ పోలీసు అధికారులే అధ్యాపకులయ్యారు. గస్తీ, దర్యాప్తు, సిబ్బంది నిర్వహణ నేర్పిన ఆ తరగతుల్లో, ఎవరిని ఎక్కువగా అరెస్టు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్న ప్రశ్నకు చోటు దొరకడం కష్టమైంది. ఈ కోర్సులు ఇరుకైన ఉద్యోగ శిక్షణగా మిగిలిపోయాయని 1978లో పోలీసుల ఉన్నత విద్యపై జాతీయ సలహా సంఘమే తప్పుపట్టింది.

అరెస్టుల గురించి ఆ ప్రశ్న గట్టిగా అడిగిన చోటు బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్రిమినాలజీ (నేరశాస్త్ర) స్కూలు. అక్కడి అధ్యాపకులు కొందరు పోలీసు వ్యవస్థపై ప్రజల అదుపు ఉండాలన్నారు, జాతి వివక్షను పాఠంలో భాగం చేశారు. వారిలో ఆంథొనీ ప్లాట్‌కు శాశ్వత నియామకం దక్కలేదు, విద్యార్థుల నిరసనలు ఫలించలేదు, 1976లో స్కూలే మూతపడింది. విద్యా ప్రమాణాలే కారణమని విశ్వవిద్యాలయం చెప్పింది. ఆ స్కూలు మూతపడిన దశకం నుంచి రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో ఖైదీల సంఖ్య పెరుగుతూనే పోయింది: 1972లో 2 లక్షలకు లోపున్నది 2009 నాటికి 16 లక్షలు దాటింది.

ఖైదీల చదువుకు అందే పెల్ గ్రాంట్లను (తక్కువ ఆదాయం గల విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) 1994 నాటి చట్టం రద్దు చేసింది. అవి పూర్తిగా తిరిగి వచ్చింది 2023 జూలైలో. ఆ మధ్యకాలంలోనే, 1997లో, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు లోరీ పాంపా, ఒక యావజ్జీవ ఖైదీ ఇచ్చిన సలహా ఆధారంగా, తరగతినే జైలు లోపల ప్రారంభించారు. కాలేజీ విద్యార్థి పక్కన ఖైదీ, ఆ పక్కన మళ్లీ విద్యార్థి. వలయంగా కూర్చుని, ఇంటిపేర్లు లేకుండా పిలుచుకుంటూ, ఒకే పుస్తకాలు చదివి శిక్షల గురించి చర్చిస్తారు. సంస్కరణ ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి లేదు.

ఇలాంటి చర్చకే ఇప్పుడు ఫ్లోరిడాలో చిక్కు వచ్చింది. జాతికి సంబంధించిన కొన్ని భావనలను సమర్థిస్తూ బోధించరాదన్న 2022 నాటి చట్టాన్ని విశ్వవిద్యాలయాల్లో అమలు చేయకుండా అదే ఏడాది నవంబరులో ఫెడరల్ జడ్జి మార్క్ వాకర్ నిలిపివేశారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం వేరే దారి పట్టింది: దేశ సంస్థల్లోనే వ్యవస్థాగత వివక్ష ఉందన్న సిద్ధాంతాలపై ఆధారపడిన కోర్సు ఏ డిగ్రీ విద్యార్థికైనా తప్పనిసరి అయిన సాధారణ విద్య కోర్సుల జాబితాలో ఉండకూడదు. 2024 జనవరిలో సోషియాలజీ పరిచయ కోర్సును ఆ జాబితా నుంచి తీసేశారు. కోర్సును నిషేధించలేదన్నది పాలకుల సమాధానం. కానీ ఆ తప్పనిసరి కోటాకు లెక్కలోకి వచ్చే కోర్సులను ప్రభుత్వం ఎంచుతున్నప్పుడు, 1968లో అప్పు మాఫీ పాఠాలను మలిచినట్లే ఇప్పుడు జాబితా మలుస్తుంది.