నాలుగో తడి

అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉంటే, డిగ్రీ చదివే మా మేనకోడలు అడిగింది: "మామా, బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకే కదా, ఆ డబ్బు మన దాకా ఎందుకు రాదు?"

సీమ నొసటిరాత అంటారు పెద్దలు. ఆ మాట వింటే నాకు కోపం. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే పడేది నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకోవడం వల్ల. శాపం వల్ల కాదు.

1956లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో రాసిన ఆర్థిక వృద్ధి నమూనా ప్రకారమైతే ఆ డబ్బు రావాలి. దానికి ఆధారం క్షీణ ప్రతిఫల సూత్రం: పెట్టేకొద్దీ అదనంగా వచ్చేది తగ్గుతూ పోతుంది. క్లాసులో గీత గీసి వదిలేస్తారు, చేన్లో చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిన చెనిక్కాయ చేనుకు ఒక్క తడి పెడితే పంట దక్కుతుంది. రెండో తడికి గింజ గట్టిపడుతుంది. మూడోదానికి వచ్చేది కొంచెమే. నాలుగోదానికి డీజిల్ ఖర్చు కూడా రాదు, పైగా కాయ కుళ్లుతుంది. పెట్టుబడీ అంతే. బెంగళూరు నాలుగు తడులు తాగిన చేను, మనది ఎండిన చేను. అదే రూపాయికి ఇక్కడే ఎక్కువ ఫలం రావాలి, కాబట్టి నీళ్లు ఇటు మళ్లాలి.

అమెరికా రాష్ట్రాల్లో మళ్లాయి కూడా. అక్కడ ధనిక, పేద రాష్ట్రాల తలసరి ఆదాయాల మధ్య అంతరం ఏటా దాదాపు 2 శాతం చొప్పున తగ్గిందని 1992లో ఆర్థికవేత్తలు బారో, సాలా-ఇ-మార్టిన్ లెక్కగట్టారు. ఆ వేగంతో అంతరం సగమవడానికి 35 ఏళ్లు పడుతుంది. మా పిల్లకిప్పుడు 20. సగం తగ్గేసరికి 55, ముప్పాతిక తగ్గేసరికి 90!

మన దేశంలో ఆ మాత్రం కూడా జరగలేదు. 1991 సంస్కరణల తర్వాత పెద్ద రాష్ట్రాల మధ్య అంతరం పెరిగిందనే చాలా అధ్యయనాలు తేల్చాయి. నా పోలిక తెగేది ఇక్కడే. ఇంజనీర్లు, విడిభాగాలు చేసేవాళ్లు, బ్యాంకులు ఒకేచోట గుమిగూడితే నాలుగో తడికి మొదటిదానికన్నా ఎక్కువ పండుతుంది. ఆ పంట చూసి మన చదువుకున్న పిల్లలూ అటే బస్సెక్కుతారు.

ఈ అంతరాన్ని కొలిచే లెక్కలోనూ ఒక మెలిక ఉంది. పెనుకొండ దగ్గర కియా కార్లు 2019లో మొదలయ్యాయి. అక్కడి తయారీలో అదనంగా పుట్టిన విలువంతా ఈ ప్రాంతపు తలసరి ఉత్పత్తిలో చేరుతుంది, కంపెనీ లాభం మాత్రం దాని యజమానుల దగ్గరికి పోతుంది. కదిరి నుంచి వెళ్లిన మేస్త్రీ కట్టే గోడ విలువ కర్ణాటక ఖాతాలో పడుతుంది, అతను ఇంటికి పంపే డబ్బు ఇక్కడి ఉత్పత్తి లెక్కలో ఎక్కడా కనపడదు.

బస్సు వచ్చింది. సీట్లు నిండిపోయి, ముగ్గురు మేస్త్రీలు తాపీలున్న సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డారు. "వీళ్ల డబ్బును ఏ కాలమ్‌లో రాయాలి మామా?" అంది మా పిల్ల.