పైసలు పోయి రోజులొచ్చాయి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏ సెల్ పాయింట్ దగ్గర కాసేపు నిలబడినా ఈ గొణుగుడు వినిపిస్తుంది: "నేనెవురికీ ఫోన్ చేసేది లేదు. వచ్చే ఫోన్లకు గూడా దుడ్లు కట్టల్లనా?"

1995లో మొబైల్ వచ్చిన కొత్తలో నిజంగానే ఇన్‌కమింగ్‌కూ బిల్లు పడేది. 2003 మేలో ఆ బాధ తప్పింది. అదే ఏడు రిలయన్స్, 501 రూపాయలు ముందు కడితే ఫోన్ చేతికిచ్చింది. 2009లో టాటా డొకొమో 'సెకనుకు పైసా' అంది. అంతకుముందు పది సెకన్లు మాట్లాడినా నిమిషం డబ్బు పోయేది, అందుకే మిస్డ్ కాల్‌తోనే సగం పనులు జరిగిపోయేవి.

ఆ ఏడాది చివర్లో యూనినార్ దిగింది. నార్వే టెలినార్, మన యూనిటెక్ కలిసి పెట్టిన కంపెనీ. దాని తీరే వేరు. సినిమా తారలు, 3జీ హంగులు కాదు, 'సబ్సే సస్తా' (అన్నిటికంటే చవక) అన్న ఒక్క మాటే దాని సరుకు. టవర్ ఖాళీగా ఉన్న వేళ డిస్కౌంట్ పెంచేది, రద్దీ వేళ తగ్గించేది. ఆ శాతం ఫోన్ తెర మీదే కనిపించేది. పొద్దు గూకే వేళకు సంతలో టమాటా ధర దిగినట్టన్న మాట. నా లెక్కలో అంత తెలివైన ప్రచారం మళ్లీ రాలేదు.

2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 2జీ కేసులో 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. యూనినార్‌వి అన్నీ పోయాయి. నవంబరు వేలంలో ఆంధ్రప్రదేశ్ మళ్లీ దక్కింది గానీ కర్ణాటక దక్కలేదు. కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటితే దానికి సొంత నెట్‌వర్క్ లేకపోయింది. బెంగళూరు పనులకు పోయే జిల్లా ఇది! చవక సిమ్‌కు ఇంతకంటే దెబ్బేముంటుంది? 2015లో పేరు టెలినార్ అయింది, 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది.

అప్పటికే జియో 2016లో కాల్స్ ఉచితమనడంతో, మాట చవకని చెప్పి అమ్మడానికి ఏమీ మిగల్లేదు. ఇక రోజులు అమ్మడం మొదలైంది. 2018 చివర్లో పాత పెద్ద కంపెనీలు, ఇన్‌కమింగ్ ఆగకుండా ఉండాలన్నా 28 రోజులకు కనీసం 35 రూపాయల రీఛార్జి పెట్టాయి. ఒకసారి కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అన్న 'లైఫ్‌టైమ్' సిమ్ కొన్నవాళ్లూ అందులో పడ్డారు. 28 రోజుల నెలైతే ఏడాదికి పదమూడు రీఛార్జిలు. 30 రోజుల ప్లాన్ ఒకటైనా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో చెప్పాల్సి వచ్చింది. 2024 జులైలో రేట్లు మళ్లీ పెరిగాయి.

ఆ డిసెంబరులో, డేటా వద్దన్నవాళ్లకు మాటలు, ఎస్సెమ్మెస్‌ల ప్యాక్ విడిగా ఇవ్వాలని ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో జియో, ఎయిర్‌టెల్ ఆ ప్యాకులు తెచ్చాయి. అప్పుడు వాటిలో చిన్నదే 84 రోజులది, నాలుగు వందల పైమాటే.